పెద్దాయనను ఆపిన హెడర్

ఉద్యోగంలో నా ఆఖరి ఏడాది, మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే ఒక సంస్థకు జగ్గయ్యపేట ఆఫీసులో సిస్టమ్స్ హెడ్‌గా ఉన్నాను. ఆ వేసవిలోనే మా సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్లలోకి, అంటే ఒక్కో ప్రోగ్రామ్ విడిగా నడిచే డబ్బాల్లోకి మార్చాం. ఆ డబ్బాలన్నీ నడిచే యంత్రాల గుంపు క్లస్టర్. దాని గుమ్మంలో ఉండే ప్రాక్సీ, లాగిన్ అయిన మనిషి పేరూ అధికారాలూ హెడర్ అనే చీటీలో రాసి లోపలికి పంపుతుంది. ఇదంతా మీటింగుల్లో నేను మహా గంభీరంగా వివరించేవాణ్ణి.

ఒక ఉదయం నందిగామ బ్రాంచి మేనేజరు, సంస్థలో అందరికంటే పెద్దాయన కోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. సరుకు విడుదలకు ఆయన ఆమోదమే కావాలి. గుమస్తాలందరికీ లాగిన్ అవుతోంది, ఆయనకు మాత్రం కావడం లేదు. పరిటాల రైతు ఏసమ్మ మిర్చి బస్తాలకు బేరం కుదిరి, కొన్నవాళ్ళ లారీ గేటు దగ్గరే ఉంది. మధ్యాహ్నంలోపు ఎక్కించకపోతే వేరే సరుకు చూసుకుంటామన్నారట.

నేను ప్రాక్సీని తప్పించి నేరుగా క్లస్టర్ లోపలికి వెళ్ళి, ఆయన పేరొక్కటే రాసిన హెడర్‌తో పరీక్షించాను. చక్కగా పనిచేసింది. లోపం మీ వైపేనని, నెట్ చూసుకోమని సెలవిచ్చాను. ఆయన మళ్ళీ ఫోన్ చేస్తే నాది మళ్ళీ అదే పాట. పెరటి గుమ్మంలోంచి దూరి, వీధి తలుపు తెరిచే ఉందని చెప్పిన ఘనుణ్ణి.

ఫోన్‌లో ఏసమ్మ గొంతు వినిపించింది. "ఏందండీ మేనేజరు గారూ, ఆ మిషను గుమస్తాల్ని రానిచ్చి మిమ్మల్ని బయట నిలబెట్టిందా? మీకంటే నా బస్తాలే నయం, అవి లోపలన్నా ఉన్నాయి!"

ఆయన నవ్వి, "నిజమేనమ్మా," అని నాతో, "నేనెవరో మీ మిషన్‌ని ఓసారి అడగండి," అన్నారు.

అప్పుడు గానీ ప్రాక్సీ లాగ్, అంటే గుమ్మం దగ్గర జరిగిందంతా నమోదయ్యే చిట్టా, తెరవలేదు. హెడర్ మరీ పెద్దదని లోపలి ప్రోగ్రామ్ తిప్పి పంపుతున్నట్టు ఉదయం నుంచీ అందులో వరసగా ఉంది. కొత్త బ్రాంచి తెరిచినప్పుడల్లా, శుభలేఖలో పెద్దల పేర్లు వేసినట్టు, అక్కడి అధికారాలన్నీ కోటేశ్వరరావు గారికి చేర్చడం మా ఆనవాయితీ. ముందురోజే మైలవరం చేర్చాం. "పెద్దాయనకు లేకపోతే ఏం బాగుంటుంది?" అంటూ ఆ ఆనవాయితీ పెట్టింది నేనే. ఆయన ఒక్కటీ అడగలేదు, వాడలేదు. ఆ మర్యాదంతా పేరుకుని చీటీ పరిమితి దాటింది.

నందిగామవి తప్ప మిగతావన్నీ తీసేశాను. వెంటనే లాగిన్ అయింది.

"అయిందండి. లారీయే వెళ్ళిపోయింది," అన్నారాయన. ఆ సీజన్లో ఏసమ్మ సరుకుకు మళ్ళీ ఆ ధర రాలేదు.

మనిషికి పనికి సరిపడా అధికారమే ఇవ్వాలి. చెడిందని చెప్పినవాడు వచ్చే దారిలోనే వెళ్ళి చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజు ఈ రెండూ బోర్డు మీద రాసి అన్నేళ్ళూ చెబుతూ వచ్చింది నేనే.