మా గోడు విన్న మొట్టమొదటి ఆఫీసరు

సౌదీల ఉన్న ఆ రోజుల్ల ఫోనుకు ఏదన్న మెసేజ్ వస్తె అనుమానపడుడు మాకు తెల్వదు, సంబురపడుడే తెలుసు. ఇంటికాడోళ్లు తప్ప ఎవ్వలూ పలకరియ్యని జాగల "ప్రియమైన కస్టమర్" అని ఎవడన్న రాసిండంటె వాడు మాకు దగ్గరి చుట్టమే. ఇప్పుడు తలుచుకుంటె నవ్వొస్తది, జర సిగ్గు గూడ అయితది. ఎందుకంటె మా క్యాంపు మొత్తానికి చదువుకున్నోన్ని నేనే. (చదువంటె ఐటీఐ. అండ్ల గూడ ఒక సబ్జెక్టు మిగిలింది. ఆ సంగతి అక్కడ ఎవ్వలకూ చెప్పలే.)

రియాద్‌ల సులై అనే జాగ, గోదాముల నడుమ మా కంపెనీ కూలోళ్లుండే క్యాంపు. మా రూముకు పెద్దమనిషి కాక. మా మండలమాయినే, మేస్త్రి. ఇంటికాడ సొంత ఇల్లు మొదలువెడితె అది కిటికీల దాంక లేసి ఆగింది. ఊరందరికీ ఇండ్లు కట్టినోని ఇల్లు మొండిగోడలతోని నిలవడ్డదని ఆయనకు మస్తు నామోషి. అప్పుడే నితాకత్ అని కంపెనీలకు రంగులు వెట్టిన్రు. సౌదీవాళ్లను సరిపడ కొలువుల వెట్టుకుంటె పచ్చ, లేకపోతె ఎరుపు. మాది పండుమిరపకాయ లెక్క ఎర్రగ ఉండె. ఎర్ర కంపెనీల ఇఖామా రెన్యువల్ కాదు, అంటె ఆ దేశంల ఉండనీకి కార్డే ఉండదు. దానికితోడు మనిషికింతని సర్కారుకు కట్టే లెవీ. జీతాలు ఎప్పుడో బందైనయ్. బురైదా అనే ఊర్ల ఖర్జూర తోటలకాడ కాక బామ్మర్ది పనిచేస్తుండె. వాళ్ల కఫీల్, అంటె వీసా ఇచ్చి పనికి వెట్టుకున్న యజమాని, "మేస్త్రి కావాలె, పంపుండ్రి" అన్నడు. మా మేనేజర్ కంపెనీ మారనీకి రిలీజ్ కాయితం మీద సంతకం వెడితె కాక గట్టెక్కుతడు. లేకపోతె ఇఖామా తేదీ దాటి, పోలీసులకు దొరికి, ఒట్టిచేతులతోని ఇంటికే. మేనేజరేమో ఎప్పుడడిగినా "బుక్రా" అంటడు, రేపు అన్నట్టు. ఆ రేపు రాలేదు.

"ఏమన్న చెయ్యిరా, చదువుకున్నోనివి గదా" అన్నడు కాక. సరిగ్గా అప్పుడే నాకొక ఈమెయిల్ వచ్చింది. కార్మికుల ఫిర్యాదులు తీసుకుంటం, ఇక్కడ నొక్కి వివరాలు నింపుండ్రి అని. పైన ఖర్జూర చెట్టు, కింద రెండు కత్తులు, సౌదీ సర్కారు బొమ్మ. (పంపినోని అడ్రసు చూస్తె అది సర్కారుది కాదని ఎవలన్న చెప్తరు. నేను బొమ్మ చూసి సెల్యూట్ కొట్టుడొక్కటే తక్కువ.) కాక పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు, అన్నీ నింపిన. "ఇగ చూడు కాకా, వాళ్లే ఫోన్ చేస్తరు" అన్న. నిజంగనే చేసిన్రు.

జుమ్మా సెలవు, పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నది. కాక ఫోను స్పీకర్ల వెట్టిండు. "హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్న, నీ ఏటీఎం కార్డు బ్లాక్ అయింది" అని హిందీల ఎవరో మొగమనిషి. "అయ్యో, అందుకేనా సార్ జీతం పడుతలేదు!" అన్నడు కాక, పాణం లేసొచ్చినట్టు. కార్డు నంబరు అడిగితె చదివిండు. ఓటీపీ వస్తె, ఆయన అడుగకముందే నేను ఇంగ్లిషుల స్టైలుగ చదివిన. అవుతల టకటక మీటలు కొట్టిన సప్పుడు. తర్వాత ఆ మనిషి, "భాయ్, నీ అకౌంట్ల ఏం లేదు కదా!" అన్నడు.

కాక మంచం మీదికెళ్లి లేసి నిలవడ్డడు. "చూసిన్రా! నేను మొత్తుకునేది అదే సార్! ఇన్నాళ్లకు మీరొక్కలన్న చూసిన్రు!" ఇగ ఆగుతరా, పక్క రూమోళ్లు గూడ తమ తమ కార్డులు పట్టుకోని లైను కట్టిన్రు. "సార్, నాది గూడ చూడుండ్రి" అని ఫోను ఒకల చేతులకెళ్లి ఒకలకు పోతున్నది. నడుమల ఆయన "ఇది కంప్లైంటు ఆఫీసు కాదు భాయ్" అన్నడు గని ఎవ్వలూ పట్టించుకోలే. ఏ ఆఫీసుకు పోయినా ఆ మాటే అంటరు గదా.

మళ్ల ఫోను కాక చేతికే వచ్చింది. ఇల్లు ఆగుడు, బురైదా కఫీలు, మేనేజరు బుక్రా, అంత చెప్పిండు. చెప్తచెప్త కండ్లల్ల నీళ్లు తీసుకున్నడు. అవుతల మనిషి గొంతు మారింది. "చాచా, నేను ఆఫీసరును కాదు. దొంగను."

"గట్లనకు బిడ్డా. ఇంత మంచిగ విన్నవు, నువ్వు దొంగవెట్లైతవు?"

"విన్ననంటేనే నీకు అనుమానం రావాలె. ఏ ఆఫీసరు గింతసేపు వింటడు చాచా? ఓటీపీ నీ సొంత తమ్ముడు అడిగినా చెప్పకు. కార్డు బందైందని ఎవడన్న అంటె ఫోను పెట్టేసి, నీ కాళ్లతోని బ్యాంకుకు పోయి అడుగు. మెయిల్ల లింకు వస్తె నొక్కకు."

అప్పుడు రూమోళ్లంత నా దిక్కు చూసిన్రు. (నేను పోయి అన్నం ఉడికిందా లేదా చూసిన.)

"నేను గూడ సులైలనే చేసిన చాచా" అన్నడు ఆయన. "కంపెనీ ఎరుపైతె ఇంటికి తోలిన్రు. ఎర్ర కంపెనీ మనిషి పాత కఫీల్ సంతకం లేకున్నా కొత్త కఫీల్ దగ్గరికి మారొచ్చట. నాకది ఎవ్వలూ చెప్పలే. ఇంటికి వచ్చి పడ్డంక తెలిసింది." అని ఫోను కట్ చేసిండు.

అప్పుడు నాకు ఎక్కడలేని తెలివి వచ్చింది. "దొంగ మాట నమ్ముతమా కాకా?" అన్న. "నమ్ముడెందుకురా, పోయి అడుగుదాం. కాళ్లతోని పొమ్మన్నడు గదా" అన్నడు. తెల్లారి అసలు లేబర్ ఆఫీసుకు పోయి లైన్ల నిలవడ్డం. క్లర్కు ఇఖామా నంబరు కొట్టి, మా కంపెనీ ఎరుపు చూసి, మారొచ్చని తలూపిండు. కాక ఆడనే కూలవడి, మొఖానికి తువ్వాల అడ్డం వెట్టుకున్నడు. బురైదా బస్సెక్కేముందు ఆ నంబరుకు ఫోన్ కొట్టిండు. స్విచాఫ్. "ఒక్క మాట చెప్పకపోతిమిరా" అని బస్సు కదిలేదాంక బాధపడ్డడు.

ఇప్పుడు కాక ఇంటికాడనే ఉంటున్నడు, ఇల్లు పూర్తయింది. గసొంటి ఫోన్లు వస్తె ఆయన కట్ చెయ్యడు. "సులైల చేసినవా బిడ్డా?" అని మొదలువెడతడు. పాపం వాళ్లే భయపడి కట్ చేస్తరు. కాక కొడుకు నాకు ఫోన్ చేసి "జర చెప్పన్నా, నీ మాటైతె వింటడు" అన్నడు. నేను చెప్పిన: "రాంగనే కట్ చెయ్యాలె కాకా, ఒక్క ముక్క మాట్లాడొద్దు."

మొన్న నాకే గసొంటి ఫోన్ వచ్చింది, బ్యాంకుల కేవైసీ ఆగిపోయిందని. ఎర్ర బటన్ మీద వేలు పెట్టిన. గొంతు హిందీల, అలిసిపోయినట్టున్నది. నాకు తెల్వకుండనే "సౌదీల ఎప్పుడన్న చేసినవా భాయ్?" అని అడిగిన. టక్కున కట్ చేసిండు. ఈ వయసుల నాకిదేం పిచ్చి అని ఒక్కన్నే నవ్వుకోని, కాకకు ఫోన్ చేసి చెప్పిన.

"వాడు కాదు తియ్యిరా" అన్నడు కాక. "వాడైతె వింటుండె."