సఫ్సాఫ్ పుల్లల కట్ట

బాత్రూమ్ తలుపు తీయగానే తడిసిన బెరడు వాసన ముక్కుకు తగిలింది. వానలో నానిన కట్టెల మోపు దగ్గర వచ్చేలాంటి చేదు వాసన. జిద్దా పాతబస్తీ బలద్ సందుల్లో నేనుండే గది చిన్నది. పుల్లలు నానబెట్టాలంటే బట్టలుతికే తొట్టి తప్ప వేరే చోటు లేదు. ఏటా చలికాలం చివర ఉనైజా అనే ఊరి నుంచి బస్సులో ఒక కట్ట వస్తుంది. అవి సఫ్సాఫ్ పుల్లలు. మన వాగుల ఒడ్డున పెరిగే ఏటిపాలకు దగ్గరి చుట్టం ఆ చెట్టు. వాటిని నీళ్లలో వేసి, ఎవరైనా వస్తే పైన తువ్వాలు కప్పుతాను. ఎందుకు కప్పుతానో చెప్పాలంటే ముందు అబూ సాలెహ్ గురించి చెప్పాలి.

ఆయన ఉనైజాలో నేను పనిచేసిన ఖర్జూర తోట యజమాని. అప్పటికే ముసలివాడు. తోటలో నీటి కాలువ పొడవునా సఫ్సాఫ్ చెట్లు పెంచేవాడు. వేడిగాలి కూరమళ్ల మీదికి రాకుండా అవి అడ్డు నిలిచేవి. ఆకు రాలాక కొమ్మలన్నీ మొదలంటా నరికించేవాడు. పొడవాటి పుల్లలు దోస తీగలకు పందిరి అయ్యేవి. మిగిలినవి అడుగున్నర ముక్కలుగా కోసి తడి నేలలో గుచ్చమనేవాడు.

"వేర్లు లేకుండా బతుకుతాయా?" అని మొదటి ఏడు అడిగాను.

"దీనికి నీళ్లు చూపిస్తే చాలు, సదీక్. వేర్లు అదే వెతుక్కుంటుంది" అన్నాడు. అరబ్బీ సగం, హిందీ సగం ఆయన మాట. పనివాళ్లందరినీ సదీక్ అనే పిలిచేవాడు, స్నేహితుడా అని.

తోటలో మా గది నలుగురిది. ఒకే పెద్ద పళ్లెంలో అన్నం పోసుకుని చుట్టూ కూర్చుని తినేవాళ్లం. అందరిలో పెద్ద గంగారాం, మా జిల్లావాడే. నేను దిగిన రోజే అడిగాడు: "ఏంటోళ్లు తమ్మీ మీరు?"

"రైతులం అన్నా" అన్నాను.

మేము మేదరివాళ్లం. వెదురు బద్దలు చీల్చి గంపలు, చాటలు, తట్టలు అల్లడం మా నాయన పని. నాకు నడక రాకముందే బద్ద పట్టుకోవడం వచ్చిందని మా అమ్మ అనేది. ఊళ్లో కొంతకాలం ఒక పత్రికకు విలేకరిగా ఉన్నాను. అప్పుడు కూడా ఎవరైనా మా ఇల్లెక్కడని అడిగితే వీధి పేరు చెప్పకుండా బస్టాండు దగ్గర అనేవాణ్ణి. సముద్రం దాటాక ఆ ప్రశ్న ఉండదనుకున్నాను. అది నాకంటే ముందే వచ్చి గదిలో కూర్చుంది.

పందిరి కడుతుంటే అబూ సాలెహ్ నా చేతులనే చూస్తూ నిలబడ్డాడు. "నీ వేళ్లకు ఈ పని తెలుసు. ఒక బుట్ట అల్లిపెట్టు" అన్నాడు. నాకు రాదన్నాను. ఆయన మాత్రం రోజూ సాయంత్రం గేటు ముందు గడప మీద కూర్చుని ఖర్జూరపు ఆకులతో తాడు పేనేవాడు. దారిన పోయేవాళ్లంతా సలాం చెప్పి పోయేవారు. ఒకసారి రియాద్‌లో పెద్ద ఉద్యోగం చేసే కొడుకు సాలెహ్ కారు దిగి, ముఖం చిన్నబుచ్చుకుని, "నాన్నా, దానికి పనివాళ్లు లేరా?" అన్నాడు.

"ఉన్నారు. అందులో నేనొకణ్ణి" అన్నాడు ముసలాయన, తాడు ఆపకుండా.

ఆ మాట నన్ను వదల్లేదు. మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు పంపు గదిలో గోడవైపు తిరిగి కూర్చుని బుట్ట అల్లాను. అప్పుడే కోసిన పచ్చి పుల్లలతో, వెదురును పచ్చి మీదే అల్లే అలవాటు కొద్దీ అల్లేశాను. ఎవరైనా వస్తారేమోనని చెవులు తలుపు దగ్గరే ఉన్నాయి. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఖర్జూరాలు పోసి అతిథుల గదిలో పెట్టుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత ఒక శుక్రవారం, ఖర్జూర చెట్ల కింద చుట్టాలకు పరుపులు వేశారు. బుట్టను గంగారాం మోసుకొస్తున్నాడు. పుల్లలు అప్పటికి ఎండి సన్నబడ్డాయి, అల్లిక వదులైంది. దారి నడుమ అడుగు ఊడి పళ్లన్నీ ఇసుకలో పడ్డాయి.

"ఏ మేదరోడు అల్లిండురా దీన్ని!" అని గంగారాం పగలబడి నవ్వాడు.

అబూ సాలెహ్‌కు తెలుగు రాదు. నవ్వు చూసి, అల్లిందెవరని అడుగుతున్నాడనుకుని, నా వైపు చేయి చూపించాడు.

గంగారాం నవ్వు ఆగిపోయింది. నన్నూ బుట్టనూ మార్చి మార్చి చూశాడు. "రైతులమంటివి గదనే" అన్నాడు మెల్లగా.

ఆ పూట అతను తన అన్నం వేరే గిన్నెలో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. అదే జరుగుతుందని నేను ఏడాదిగా భయపడ్డాను. తీరా జరిగాక నన్ను తిననివ్వనిది అది కాదు. నా కులం బయటపడిందన్నదానికంటే, అడుగు ఊడిన గంపతో బయటపడిందన్నది ఎక్కువ కాల్చింది. మా నాయన చేతి గంప ఏ సంతలోనూ అడుగు ఊడలేదు.

మర్నాడు అబూ సాలెహ్ ఆ ఊడిన బుట్టను ఒళ్లో పెట్టుకుని నన్ను గడప మీద కూర్చోమన్నాడు. "పుల్ల పూర్తిగా ఎండాలి. తర్వాత నానాలి. అప్పుడు అల్లు" అన్నాడు. వదులైన అల్లిక మీద వేలు పెట్టి, "నువ్వు చేతిని చూసుకోలేదు, తలుపును చూశావు" అన్నాడు. ఆయనకు మా కులం సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ ఎండాకాలమంతా గడప మీదే, దారినపోయే ప్రతివాడి ముందూ అల్లించాడు. చెవులు వేడెక్కి, తల వంచుకునే అల్లాను. గంగారాం మళ్లీ పళ్లెం దగ్గరికి వచ్చాడు, కానీ నా కళ్లలోకి చూడాల్సి రాకుండా, ఎదురుగా కాక పక్కన కూర్చునేవాడు. సెలవుకు ఇంటికి వెళ్లే ముందు మాత్రం, "తమ్మీ, మా ఆడబిడ్డకు ఒక బుట్ట గావాలె. గట్టిగుండాలె మరి" అన్నాడు. అల్లి ఇచ్చాను. అతను క్షమించమనలేదు, నేను అడగలేదు.

నేను జిద్దాకు మారాక ఏటా ఒక కట్ట పంపిన అబూ సాలెహ్ పోయి కొంతకాలమైంది. కట్ట మాత్రం ఆగలేదు, కొడుకు సాలెహ్ పంపుతున్నాడు. ఇన్నాళ్లూ పనివాళ్లతో కోయించి, కొన్న నైలాన్ తాడుతో కట్టించి పంపేవాడు. ఈసారి తాడు ఖర్జూరపు ఆకుది. ఒకచోట లావు, ఒకచోట సన్నం. రెండు మూడు చోట్ల పురి విడిపోతే మళ్లీ ముడి వేశారు. కొత్తగా నేర్చుకుంటున్న చేయి అది. ఎవరిదో ఫోన్ చేసి అడగక్కర్లేదు.

ఇందాక తలుపు తట్టారు, పక్క గదిలో ఉండే మన ఊరివైపు మనిషి. నా చేయి దానంతటదే తువ్వాలు వైపు వెళ్లింది. ఇన్నేళ్ల తర్వాత కూడా. కప్పేశాను కూడా. తలుపు గడియ మీద చేయి వేసి, ఆ ఎగుడుదిగుడు తాడు గుర్తొచ్చి, వెనక్కి వచ్చి తువ్వాలు తీసి, అప్పుడు గడియ తీశాను.