ఆ గడిలో నేను రాసిన మాట

వీర్రాజు గారి కుడిచెవి గురించి నాకు తెలిసిన ఒక సంగతిని పదిహేడేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా చెప్పలేదు. పోయిన వారం రాజమండ్రిలో చెవి డాక్టరు దగ్గర అదంతా మళ్లీ కళ్లముందు కదిలింది. పెన్షను అర్జీ పెట్టుకున్న ఒక మాజీ సైనికుణ్ణి వినికిడి పరీక్షకు తీసుకెళ్లాను. అద్దాల గదిలో చెవులకు యంత్రం తగిలించి ఆయన్ని కూర్చోబెట్టారు. కూత వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి ముందున్న పెట్టెలోంచి ఆ సన్నటి కూత బయట బెంచీ మీదున్న నాకు కూడా వినిపిస్తోంది. లోపల ఆయన వేలు మాత్రం కదలడం లేదు. నేనిక చూడలేక లేచి మెట్ల దగ్గరికి వెళ్లిపోయాను.

వీర్రాజు గారు పోయి ఏడాది కావస్తోంది. ధవళేశ్వరంలో, గోదావరి మీద వలలేసుకుని బతికే ఇంట్లో పుట్టి, సైన్యంలో ఫిరంగి దళంలో హవల్దారు అయ్యారు. కోరుకొండ నుంచి వెళ్లిన నేను అదే యూనిట్లో గుమాస్తాగా చేరాను. సైన్యంలో పని నేర్పినవాణ్ణి ఉస్తాద్ అంటారు. మా అధికారులు ఎవరిని నియమించినా నాకు ఉస్తాద్ ఆయనే. మూడు పూటలా రొట్టె తినడం, చలిలో తడి బూట్లు ఆరబెట్టుకోవడం, ఇంటికి రాసే ఉత్తరంలో ఏది రాయాలో ఏది మానాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అవతలి ఒడ్డునున్న పడవను ఇవతలి ఒడ్డు నుంచి పిలిచే గొంతు ఆయనది. గట్టిగా మాట్లాడితే గోదారి గొంతు కదా అని నవ్వుకునేవాళ్లం. వినపడక గట్టిగా మాట్లాడుతున్నారని మాలో ఒక్కడికీ తోచలేదు.

సర్వీసు ముగించి ఇంటికొచ్చే ముందు ప్రతివాడికీ వైద్య పరీక్ష ఉంటుంది. దానికొక ఇంగ్లీషు ఫారం. సర్వీసులో తనకేమేం జబ్బులు, గాయాలు వచ్చాయో మనిషి స్వయంగా చెప్పుకోవడానికి అందులో ఒక గడి ఉంటుంది. ఆ ఫారాలు నింపేది నేనే. తన వంతు వచ్చినప్పుడు వీర్రాజు గారు నా బల్ల మీదికి వంగి, ఆయనకు అలవాటు లేని చిన్న గొంతుతో అన్నారు.

“సూరిబాబూ, కుడిచెవిలో ఒకటే కూతరా. ఇదివరకు గన్ను పేలితే రెండ్రోజులు మోగి ఊరుకునేది. ఇప్పుడు ఆగట్లేదు. అది రాయి.”

“అలాగే ఉస్తాద్, రాస్తాను” అన్నాను.

రాయలేదు. రాస్తే ఆయన్ని పెద్దాసుపత్రికి పంపిస్తారు. కాగితాలన్నీ మళ్లీ తయారు చేయాలి. అవి తెమిలేదాకా నా సెలవు ఆగిపోతుంది. నాకేమో కోరుకొండ తీర్థానికి అందుకోవాలని ఉంది. అంతే కారణం. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ గడిలో ‘ఏమీ లేవు’ అని ఇంగ్లీషులో రాసి ఫారం ఆయన ముందుకు జరిపాను. రాశావా అని అడిగారు. రాశానన్నాను. ఆయన కాగితం చూడలేదు. నా ముఖం చూసి సంతకం పెట్టారు. ఫిర్యాదేమీ లేదు కనక పరీక్షనాడు డాక్టరు కూడా చెవి జోలికి పోలేదు. ఇద్దరం ఒకే రైల్లో వచ్చాం. కిటికీ పక్క సీటు దారి పొడుగునా నాకే ఇచ్చారు. తీర్థానికి అందుకున్నాను. స్వామివారి రథం లాగిన చేతుల్లో నావీ ఉన్నాయి.

కొన్నేళ్లకు నేనూ సైన్యం వదిలి వచ్చేశాను. అప్పటికి ఆయన కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది పోతోంది. వైకల్య పెన్షనుకు అర్జీ పెట్టుకుంటే, ఏ ఇబ్బందీ లేదని మీరే సంతకం చేశారు కాబట్టి కుదరదని జవాబొచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చారు.

“నీకు చెప్పినట్టే గుర్తురా. చెప్పలేదా?”

“గుర్తు లేదు ఉస్తాద్.”

ఆయన ఉత్తరాన్ని మడతల వెంబడే మళ్లీ మడిచారు. “అయితే చెప్పుండను. చెప్తే నువ్వు రాసేవోడివే” అన్నారు.

డబ్బు కోసం చెవుడు నటిస్తున్నాడని ఊళ్లో కొందరన్నారు. టీకొట్టు దగ్గర వెనకనుంచి పేరుపెట్టి పిలిచి, తిరుగుతాడేమోనని పరీక్షించేవారు. ఆయన నటించలేదు. ఆ మాట నలుగురికీ తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆ ఉత్తరం తర్వాత ఆయన ఇంట్లో కూర్చోలేదు. రాజమండ్రిలో మాజీ సైనికుల పాలీక్లినిక్ ఎదుట ఒక చెక్కబెంచీ ఉండేది. పొద్దున్నే బస్సెక్కి వచ్చి దాని మీద కూర్చునేవారు. ఎవరికి ఏ మందు రాలేదో, ఎవరి అర్జీ ఎక్కడ ఆగిందో కనుక్కుని, వాళ్ల వెంట తిరిగేవారు. చేతిరాత బాగుంటుందని నన్నూ పిలిచారు. ఎడమచెవి కాస్త వినపడుతుందని నన్నెప్పుడూ ఎడమపక్కనే కూర్చోబెట్టుకునేవారు.

మెడికల్ బోర్డుకు వెళ్లేవాళ్లకు ముందురోజు ఆయన దగ్గర తర్ఫీదు. ఒకసారి ఉప్పాడ నుంచి ఒకాయన కర్ర పట్టుకుని వచ్చాడు. మోకాలెలా ఉందయ్యా అని వీర్రాజు గారు మామూలుగా అడిగారు. బాగానే ఉందండి అన్నాడాయన, చేతులు కట్టుకుని.

“ఇదిగో, ఇక్కడే మునిగిపోతన్నాం మనం” అన్నారు వీర్రాజు గారు. “డాక్టరు గారు ఎలా ఉన్నావంటే, ఆయన నిన్ను పలకరించట్లేదయ్యా, పరీక్ష చేస్తన్నాడు. పెళ్లికొచ్చినోడిలా బాగున్నానండి అనకు. మెట్లెక్కలేకపోతే ఎక్కలేనను.”

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. ఏ కాగితమైనా సంతకం పెట్టేముందు ఆ మనిషే పైకి చదవాలి. చదువు రానివాడికి నేను చదివి చెబితే, వాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి. చివర్లో ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవారు. “నన్ను చూడండి. నోరిప్పి చెప్పుకోలేదు, చెవి పోగొట్టుకున్నాను. తప్పు నాదే.” ఎడమపక్కన కూర్చుని ఆ మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ కలం మూత తీయడమో పెట్టడమో చేసేవాణ్ణి.

రెండో చెవి కూడా పోయాక ఆయన రావడం మానేశారు. రోడ్డు మీద హారన్లు వినపడవని ఆయన భార్య మంగాయమ్మ గారు పంపేవారు కాదు. బెంచీ నాకు మిగిలింది. మొదటివారంలోనే ఒకడు ఏమీ లేదండి, ఏమీ లేదండి అంటుంటే విసిగిపోయి, మా ఉస్తాద్ కూడా నీలాగే చెప్పుకోలేదు, చూడు ఏమైందో అనేశాను. అతను తలూపి వెళ్లిపోయాడు. అన్నేళ్లూ నేను ఊరుకున్నానే గాని ఆయన మీద ఆ తప్పు నా నోటితో వేయలేదు. ఆ రోజు వేశాను. ఆ పూట మరో అర్జీ రాయలేకపోయాను.

మర్నాడు ధవళేశ్వరం వెళ్లాను. ఆ రోజు నేనిచ్చిన కాగితంతో ఆయన పెన్షను అర్జీని మళ్లీ తెరిచారు. అది తేలేలోపే ఆయన పోయారు. ఇప్పుడది మంగాయమ్మ గారి పేరుమీద నడుస్తోంది, నేనే తిరుగుతున్నాను.

ఆ రోజు నేను వెళ్లేసరికి వీర్రాజు గారు అరుగుమీద చిరిగిన వల ముందేసుకుని కూర్చుని ఉన్నారు. చెబితే వినపడదు. రాత్రంతా కూర్చుని రాసిన కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. వల మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఏంటి బాబూ అది అని మంగాయమ్మ గారు లోపల్నుంచి వచ్చారు. నేను కలం తీసి సంతకం పెట్టబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు.

“చదవకుండా సంతకం ఎట్టకూడదు. పైకి చదువు.”

వినపడదు కదా అన్నట్టు చెవి వైపు చూపించాను.

“మీ వదిన వింటాది. చదువు.”

చదివాను. “కుడిచెవిలో కూత వస్తోందని హవల్దార్ వీర్రాజు గారు నాతో చెప్పారు. రాయమన్నారు. నేను రాయలేదు. రాశానని చెప్పి సంతకం పెట్టించుకున్నాను. తర్వాత అడిగితే గుర్తు లేదన్నాను. గుర్తుంది. ఇందులో ఆయన తప్పు ఏమీ లేదు.” మంగాయమ్మ గారు స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆయన నా పెదాల వైపే చూస్తున్నారు. సంతకం పెట్టాను.

కాగితంలో ఉన్నది అంతే. అర్జీల్లో రాసే మాట కాదు గనక మిగిలింది రాయలేదు. అది కూడా పైకే అన్నాను, గోదారి అవతలి ఒడ్డుకు వినపడేంత గట్టిగా.

“నన్ను క్షమించండి, ఉస్తాద్.”