ఓబీయిత్ అనే మాట

డెబ్బయిల్లో, డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క ఉన్న రోజుల్లో, ఉయ్యూరు దగ్గరి ఒక పల్లెలో కతోలిక గుడి పాత రిజిస్టర్లకు నకలు రాసే పని ఒప్పుకున్నాను. పటమట నుంచి పొద్దున్నే బస్సులో వెళ్లేదాన్ని. జ్ఞానస్నానాల వివరాలన్నీ లాటిన్‌లో ఉండేవి. నాకా భాష రాదు. అక్షరం చూసి అక్షరం దింపడమే. కొన్ని పేర్ల పక్కన ‘ఓబీయిత్’ అని, ఒక తేదీ ఉండేవి. చనిపోయారని అర్థమట.

ఒక మధ్యాహ్నం అరవై ఏళ్ల చెరకు కూలీ ఒకామె వయసు కాగితం కోసం వచ్చింది. తన పేరు, అమ్మానాన్నల పేర్లు చెప్పింది. వెతికితే దొరికాయి. ఆమె పేరు పక్కనే ఓబీయిత్. ఆ తేదీకి ఆమెకు ఆరేళ్లు.

రిజిస్టరు తీసుకెళ్లి ఫాదర్‌గారి ముందు పెట్టాను. ఆ ముసలాయన రెండుసార్లు చదివి, ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు, “ఈ మాటకి చావొక్కటే అర్థం కాదమ్మా. ఎదురెళ్లింది అనొచ్చు. చుట్టి వచ్చింది అనొచ్చు. అప్పజెప్పిన పని చేసింది అనొచ్చు. పొద్దు గుంకినా ఇదే మాట,” అన్నారు.

“ఎదురెళ్లే వచ్చానండి,” అందామె తాపీగా. “కలరా వచ్చిన ఏడు. పోయాననుకుని చాపలో చుట్టి గోతిదాకా మోశారంట. మట్టి వెయ్యబోతుంటే కాలు కదిలిందని మా మేనమామ పైకి లాగాడు. ఇంటికి తెచ్చేసరికి మా చెల్లి పోయిందండి. ఆ చాపలోనే, ఆ గోతిలోనే దాన్ని పెట్టారు.”

అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకేరోజు జ్ఞానస్నానం. కింది వరుసలోనే చెల్లెలి పేరుంది. దాని పక్కన ఏమీ లేదు. రిజిస్టరు ప్రకారం ఆ పిల్ల ఇంకా బతికే ఉంది.

కొత్త పుస్తకంలో ఆ మాటను కింది వరుసకు మార్చమన్నారు ఫాదర్‌గారు. మార్చాను. ఆమెకు కాగితం రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఆమె లేవలేదు.

“చెల్లి పేరు ఒక్కసారి చదవండమ్మా. దాన్ని పిలిచేవాళ్లే లేరిప్పుడు.”

చదివాను.

“ఆఁ,” అని పలికింది.

ఉలిక్కిపడి చూశాను. ఆమె సిగ్గుపడింది. “అలవాటండి. మా అమ్మ పోయేదాకా ఇంట్లో నన్ను దాని పేరుతోనే పిలిచేది.”

ఆమె వెళ్లాక, తప్పులున్నాయేమోనని ఆ రెండు వరుసలూ సరిచూసుకున్నాను. ఎవరు పలుకుతారోనని, పైకి చదవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.