ఖాళీ గడిలో కొట్టిన గీత

ఐర్లండ్‌లో, రింగాస్కిడీలోని మందుల ఫ్యాక్టరీలో నా పని రికార్డులు తనిఖీ చేయడం. రాయనిది జరగనట్టే, అదే మాకు వేదం. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. రాయడానికి ఏమీ లేకపోతే అడ్డంగా గీత కొట్టి, ‘వర్తించదు’ అని రాసి, సంతకం, తేదీ వేయాలి. ఆ పిచ్చిని ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

మా పదేళ్ల అమ్మాయికి టీచరు క్రీస్తుపూర్వం 148వ సంవత్సరం ఇచ్చింది. ఆ ఏడు ఏ దేశంలో ఏం జరిగిందో గడుల్లో రాసి క్లాసులో చదవాలి. రోమ్ సైన్యం కార్తేజ్‌ను ముట్టడించి ఉంది. మన దగ్గర శుంగుల ఏలుబడి. ఐర్లండ్ గడి మాత్రం ఖాళీ.

“అప్పటికి వీళ్లకి రాయడమే రాదుగా. గీత కొట్టెయ్,” అన్నాను.

“బట్ ఐయామ్ ఫ్రమ్ హియర్, అమ్మా,” అంది, కళ్లనిండా నీళ్లతో.

తను పుట్టిన దేశానిదే ఖాళీ గడి అని దాని బాధ. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పక్కన కూర్చుని మరీ గీత కొట్టించాను, దాని సంతకంతో సహా.

టీచరు నవ్వి కాగితం తిప్పి పంపింది, ముందు లాంగ్‌ఫర్డ్ బురదనేల దగ్గరి మ్యూజియం చూసి రమ్మంది. శనివారం సణుక్కుంటూనే కారు తీశాను.

అక్కడ చల్లటి గదిలో ఒక రోడ్డు ఉంది. ఓక్ మానులు చీల్చి బురద మీద పరిచిన బాట. చెక్కలోని వలయాలు లెక్కపెట్టి, ఆ చెట్లు నరికిన ఏడు తేల్చారట. క్రీస్తుపూర్వం 148! వేసిందెవరో తెలియదని గైడ్ చెప్పాడు. పదేళ్లయినా గడవకముందే తన బరువుకే దిగబడిపోయిందట. దాన్ని మింగిన బురదే ఇన్నాళ్లూ దాచింది. ఒక పలక మీద గొడ్డలి వేటు, నిన్న పడినట్టే ఉంది. పేరు తెలియని ఆ మనిషిని నేనే ఒక్క గీతతో కొట్టేశానని సిగ్గేసింది.

“దే వర్ హియర్,” అంది అమ్మాయి, గుసగుసగా.

ఇంటికొచ్చి మా ఫ్యాక్టరీ పద్ధతిలోనే దిద్దింది. పాత రాత కనబడేలా ఒకే గీత, పక్కన ‘రోడ్డు వేశారు’ అని. దిద్దడానికి కారణం ఏం రాయాలని అడిగింది.

“అమ్మ చూడకుండానే సంతకం పెట్టించింది అని రాయి.”

మా ఫ్యాక్టరీలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. అది రాసేసి, పెన్ను నాకిచ్చింది.

“యూ సైన్ ఇట్, సో.”

రెండు వేల ఏళ్లు దాటిన పని పక్కన సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేశాను.