నిచ్చెన బండి

డిసెంబర్‌లో మా మోటార్‌సైకిల్ దళాన్ని తార్నాకకు పంపారు. జనవరి పరేడ్‌కు విన్యాసాల రిహార్సల్. బస యూనివర్సిటీ మైదానం అంచున, టెంట్లలో. ఎనిమిదో తరగతిలో బడి నుంచి పారిపోయిన నన్ను యూనివర్సిటీలో చేర్పించిన ఘనత సైన్యానిదే. లాలాపేట్‌లో మా ఇల్లు అక్కడికి దగ్గరే. అయినా సెలవు లేదు. సరిహద్దులో ఉన్నప్పుడు ఫోన్‌లో ఏడ్చిన మా అమ్మ, ఇక్కడికొచ్చాక కూర పంపి, డబ్బా తిరిగి రాలేదని తిట్టేది.

నాది నిచ్చెన బండి. నేను నడుపుతాను. నా వెనక బిగించిన ఇనుప నిచ్చెన ఎక్కి, పైమెట్టు మీద నిలబడి ఒకడు సెల్యూట్ కొడతాడు. వరంగల్ వైపు పల్లెవాడు. అందరికీ నిచ్చెనోడే.

ఆరింటికల్లా బండ్లు వరుసలో ఉండాలి. పొగమంచు విడిచేదాకా స్టార్ట్ చేయొద్దని ఉత్తర్వు. చల్లటి ట్యాంకుల మీద మోచేతులు ఆనించుకుని ఒకరినొకరు ఏడిపించుకోవడమే అప్పటిదాకా పని. మెకానిక్ మంకీ టోపీ, కర్నూలు హవల్దార్ గురక, నా చదువు, దేన్నీ వదిలేవాళ్లం కాదు.

ఒక సోమవారం నిచ్చెనోడు పైనుంచి పడ్డాడు. ఎముకలేవీ విరగలేదు. డాక్టర్ ఎక్కొచ్చన్నాడు. అయినా మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దించేసేవాడు. రెండు రోజులు ఎక్కలేకపోయాడు. గురువారం కూడా ఎక్కకపోతే వెనక్కి పంపేస్తానన్నాడు హవల్దార్.

ఆ రెండు రోజులూ అతన్ని ఎవరమూ ఒక్క మాట అనలేదు. మెల్లగా మాట్లాడాం. టీ ముందు అతనికే ఇచ్చాం. చావింటికి వచ్చిన చుట్టాల్లా తయారయ్యాం. గురువారం పొద్దున మెకానిక్ గ్లాసు అందిస్తే అతను తీసుకోలేదు.

"నాకెందుకు గిట్ల మర్యాదలు చేస్తున్రు? నేనేమన్న సచ్చిపోయిన్నా?"

నా నోరు ఆగలేదు.

"పడేటప్పుడు గూడ సెల్యూట్ ఇడవకపోతివి. సక్కగ నేలకే కొట్టినవ్. తిరిగి కొట్టాల్నా వద్దా అని భూదేవి పరేషాన్ల పడ్డది."

మెకానిక్‌కు టీ ముక్కులోకి పోయింది. నిచ్చెనోడు నన్నే చూశాడు. కొడతాడేమో అనుకుని హెల్మెట్ పెట్టుకున్నాను.

"నువ్వు ఎడ్లబండి లెక్క తోల్తుంటే, నడిచిపోదామని దిగిన," అన్నాడు.

ఇక వరుసంతా అతని మీద పడింది. మంకీ టోపీ మళ్లీ వచ్చింది, గురక వచ్చింది. అతను అందరికీ జవాబు చెప్పాడు. టీ తాగాడు. మంచు పలచబడింది. నా వాకీటాకీలో హవల్దార్ గొంతు.

"నిచ్చెన బండీ, ఏమప్పా, ఎక్కుతాడా లేదా వాడు?"

నిచ్చెనోడు సెట్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ఎక్కుతున్న సాబ్. జర తోలెటోన్ని మార్చున్రి."

మార్చలేదు. కిక్ కొట్టాను. నడిపేవాడు వెనక్కి తిరగకూడదు. ఒక్కో మెట్టుకీ బండి కొద్దిగా ఊగడం మాత్రం తెలుస్తోంది.

పరేడ్ బాగా జరిగింది. తర్వాత కొన్నేళ్లకు సర్వీసు ముగించుకుని లాలాపేట్ వచ్చేశాను. చలిపొద్దున తార్నాక వైపు పోతుంటే ఇప్పటికీ కళ్ల ముందు ఆ గురువారమే. వెనక సూర్యుడు. ముందు చక్రాన్ని దాటి మైదానం మీద పొడుగ్గా పరుచుకున్న నీడ. నీడలో నిచ్చెన, దాని కొసన మనిషి, నుదుటి దాకా లేచి నిలిచిపోయిన చేయి.