పిన్ని లేకుంటే తూగని మండలి

మా పిన్ని పింఛన్ల ఆఫీసులో ఇరవై రెండేళ్లు టైపిస్టు. ఇరవై రెండేళ్లూ తాత్కాలికమే. ఊళ్లో సగం మంది పింఛను మంజూరు కాగితాలు ఆవిడ వేళ్ల కిందనుంచే వెళ్లాయి, ఆవిడకి మాత్రం పింఛను లేదు. తాత్కాలికంగా పనిచేసిన ఏళ్లకు పింఛను ఇవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి పైవాళ్లు ఒక సలహా మండలి వేయమన్నారు. అప్పటికి పిన్ని రిటైరవడానికి ఎనిమిది నెలలుంది.

మండలి సమతూకంగా ఉండాలట. అధికారులతో పాటు ఆడవాళ్లూ ఉండాలి, తాత్కాలికులూ ఉండాలి. ఏ వర్గం లోటైనా తీర్మానం చెల్లదు. కార్యదర్శి రెండు రోజులు జుట్టు పీక్కుని, మూడో రోజు టైపు మిషను ముందున్న పిన్నిని చూశాడు. ఒక్క కుర్చీతో రెండు ఖాళీలు నిండాయి.

"మీ పేరు కూడా మీరే టైపు చేసేయండమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం పిన్ని కొత్త చెప్పులు కొనుక్కుంది. "ఇంకేం, నీ పింఛను నీ చేతికే వచ్చింది" అని బాబాయి మురిసిపోయాడు. నేనూ నమ్మాను, బుద్ధిలేక.

మొదటి సమావేశంలో ముసలివాళ్లకు కౌంటరు దగ్గర ఫ్యాను పెట్టాలని చిటికెలో తీర్మానించారు. తర్వాత తాత్కాలికుల సంగతి వచ్చింది. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఇది మీ సొంత విషయం కదా. కాసేపు బయట కూర్చోండి."

పిన్ని వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపల ఇప్పుడు ఆడమనిషీ లేదు, తాత్కాలికులూ లేరు. సమతూకం పోయింది కాబట్టి విషయం వాయిదా వేశారు. వెంటనే పిన్నిని లోపలికి పిలిచారు. వాయిదా పడ్డట్టు ఎవరో ఒకరు టైపు చేయాలి కదా!

ఎనిమిది నెలలు, ఎనిమిది సమావేశాలు. ఎనిమిదిసార్లూ బల్లే. నాకు ఒళ్లు మండిపోయేది. పిన్ని మాత్రం వచ్చే నెల తేలుతుందిలే అనేది.

పిన్ని రిటైరయ్యే రోజు కార్యదర్శి టైపు చేయమని మరో కాగితం తెచ్చాడు. మండలిలో పిన్ని స్థానంలో ఆఫీసు తుడిచే ఆవిడ పేరు. ఆవిడా పద్దెనిమిదేళ్లుగా తాత్కాలికమే.

"ఇది నేను టైపు చేయను సార్."

"పోయే రోజున ఏంటమ్మా ఈ మొండితనం?"

గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ ఆవిడ అంతా వింది. ముఖం కందగడ్డయింది. "నువ్వు కూర్చోవచ్చు గానీ, నేను కూర్చుంటే ఓర్వలేవా అక్కా?"

పిన్ని లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లి, బల్ల మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చి పక్కన కూర్చుంది.

"మండలిలో మన కుర్చీ ఇదే తల్లీ. మన మాట వచ్చినప్పుడల్లా ఇక్కడికి పంపిస్తారు. మనం లేమని వాయిదా వేస్తారు."

ఆవిడ మూసిన తలుపు వైపు చూసింది.

"అయితే నా పేరు వద్దని చెప్పక్కా" అంది.

అప్పటికే లోపల కార్యదర్శి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.